ఆమె తెర మీద లేని గీత

ఫిబ్రవరి పన్నెండు, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నవి రెండు ఉడికిన గుడ్లు. పళ్ళ గిడ్డంగి మేడ మీద, కంట్రోల్ గది బయట బెంచీ మీద కూర్చుని వలుచుకుంటుంటే, గుమ్మం దగ్గర కాపలా ఉన్న హెడ్ కానిస్టేబుల్ తన టిఫిన్ డబ్బాలోంచి కాగితంలో చుట్టిన ఉప్పు తీసి, ఏమీ అనకుండా నా పక్కన పెట్టాడు. మా ఆవిడ పోయాక నా పళ్ళెంలో ఉప్పు ఉందో లేదో చూసిన మొదటి మనిషి అతనే. సాయంత్రం ఆరింటికి నా క్లయింటును అరెస్టు చేసి తీసుకుపోవలసినవాడూ అతనే.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. నా క్లయింటు ఈ గిడ్డంగికి ప్రోగ్రాములు రాసే ఇంజనీరు. చిన్నప్పుడు మా ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. నన్ను బాబాయ్ అంటుంది.

సోమవారం సాయంత్రం ఐదో నంబరు గదిలో గిడ్డంగి సూపర్‌వైజర్ చనిపోయాడు. ఆపిల్ పళ్ళు నెలల తరబడి చెడకుండా ఉండటానికి ఇక్కడి గదుల్లో ప్రాణవాయువును దాదాపు తీసేసి నైట్రోజన్ నింపుతారు. ప్రతి తలుపు మీదా అరచేతంత పలక ఉంటుంది. ఎర్రగా ఉంటే లోపల పీల్చే గాలి లేదని అర్థం, తలుపు తాళం వదలదు. పచ్చగా ఉంటే వెళ్ళవచ్చు. సోమవారం పలక పచ్చగానే ఉంది. సూపర్‌వైజర్ పళ్ళ నమూనాలు తేవడానికి బుట్ట పట్టుకుని లోపలికి వెళ్ళాడు. లోపల గాలి లేదు.

శవపరీక్ష చేసిన డాక్టరుతో పొద్దున మాట్లాడాను. ఆయన చెప్పిన ఒక మాట కేసుకు పనికిరాదు. పారెయ్యడానికీ మనసొప్పలేదు. ఎవరికి చెప్పాలో తెలియక నా దగ్గరే ఉంచుకున్నాను.

గుడ్లు తిని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా నిద్ర లేని మొహం.

“మళ్ళీ ఒకసారి చెప్పమ్మా. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పు. డీబగ్గర్ అంటే?”

“నడుస్తున్న ప్రోగ్రాముని మధ్యలో ఆపి లోపల చూసే పనిముట్టు బాబాయ్. ఫలానా వరస దగ్గర ఆగు అంటే, నడిచేవాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయినట్టు, అక్కడే ఆగుతుంది. అప్పుడు ఎక్కడ తప్పుందో నెమ్మదిగా వెతుక్కుంటాం.”

“సోమవారం ఏది ఆపావు?”

“నా బల్ల కింద ఉన్న నమూనా యంత్రాన్ని. దాన్ని ఎంతసేపు ఆపినా ఎవరికీ ఏమీ కాదు. దాన్నే ఆపాననుకున్నాను.” ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి నులుముకుంటున్నాయి. “ఆగింది గదుల్ని నడిపే అసలు యంత్రం. ఐదో గదిలో మధ్యాహ్నం గాలి నింపారు, పలక పచ్చగా ఉంది. తర్వాత గది మూసి నైట్రోజన్ వదిలారు. ఆ మిషను వేరు, దాని పని అది చేసుకుపోయింది. పలక రంగు మార్చాల్సిన ప్రోగ్రాము మాత్రం నా చేతిలో ఆగిపోయి ఉంది. నేను ఆపి పెట్టి, తప్పెక్కడుందా అని ఆలోచిస్తూ బన్ను తిన్నాను బాబాయ్. నేను బన్ను తింటూ ఆయన ఊపిరి ఆపానా?”

నీళ్ళ గ్లాసు ఆమె చేతికి అందేలా జరిపాను.

“డీబగ్గర్ ఏ యంత్రాన్ని ఆపాలో ఎవరు చెప్తారు?”

“సెట్టింగుల ఫైలు. అందులో యంత్రం అడ్రసుంటుంది. ఫైలు ఒక్కటే, ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంటుంది. సొంత కాపీలు ఎవరూ పెట్టుకోకూడదని మేనేజర్‌గారి రూలు. ఆయన ఇక్కడ ప్రోగ్రాములు రాసే రోజుల్లో పెట్టిందే. అందులో అడ్రసు మారిపోయి ఉంది. నేను మార్చలేదు. ఆ వరస చూడను కూడా చూడలేదు. రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు?”

“ఆ ఫోల్డర్ ఎవరెవరు తెరవగలరు?”

“నేను, ఆయన. మా ఇద్దరి మెషీన్లకే దారి ఉంది.”

* * *

ఐదో గది మెట్లు దిగగానే ఎడమవైపు. తలుపు మందంగా ఉంది, పిడి చల్లగా. దుర్ఘటన తర్వాత గదిలో గాలి నింపి, వెతకవలసినవి వెతికి, పళ్ళు పోతాయని బుధవారం మళ్ళీ నైట్రోజన్ వదిలారట. పలక ఎర్రగా ఉంది. దాని మూలన ఆవగింజంత చుక్క ఒకటి వెలిగి ఆరుతోంది. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ అది కొట్టుకుంటుందని ఆ పిల్ల చెప్పింది. సోమవారం అది కదలకుండా ఉండి ఉంటుంది. ఎవరు చూస్తారు? రంగు చూస్తారు కానీ చుక్కను ఎవరు చూస్తారు?

పక్కన గోడకు రెండు కొక్కేలు. ఒకదానికి పలకతో పనిలేకుండా తలుపు తెరిచే అత్యవసర తాళంచెవి. రెండోదానికి నీలం స్వెట్టరు, మోచేతి దగ్గర వేరే రంగు దారంతో అల్లిన అతుకు.

“దాన్ని ముట్టుకోకు.”

వెనక్కి తిరిగాను. చనిపోయినవాడి అన్న. పక్క స్టేషన్ ఇన్‌స్పెక్టర్. తమ్ముడి కేసు అన్న చూడకూడదని పైవాళ్ళు సెలవు మీద పంపారు. యూనిఫాం లేకుండా రోజూ ఇక్కడికే వస్తున్నాడు.

“ముట్టుకోలేదండి.”

“ఆ అతుకు మా అమ్మ వేసింది. నువ్వేనా ఆ పిల్ల తెచ్చుకున్న డిటెక్టివ్‌వి? మొగుళ్ళు ఎక్కడ తిరుగుతున్నారో పెళ్ళాలకి చేరవేసే పని కదా నీది. ఇది చావు కేసు పెద్దాయనా. ఇంటికెళ్ళి పడుకో.”

“ఆ పనిలోనే ఒకటి నేర్చుకున్నానండి. కళ్ళారా చూశానన్నవాణ్ణి, ఏం చూశావని తర్వాత అడగాలి. ఎక్కడ నిలబడి చూశావని ముందు అడగాలి.”

“సాక్షి మీద అనుమానమా? మేనేజర్‌గారు పెద్దమనిషి. మావాడి పాడె మోశాడు. మూడు రోజులుగా మా అమ్మకి పాలు, మందులు ఆయనే పంపుతున్నాడు. ఆ పిల్ల తెర మీద పసుపు గీతలతో హెచ్చరిక వచ్చింది. ఆయన చూపించి చెప్పాడు. ‘ఇవి ఎప్పుడూ వచ్చేవేలెండి సార్’ అందంట. ఎప్పుడూ వచ్చేవే!” అతను నాకు మరీ దగ్గరగా వచ్చాడు. “మా అమ్మ రాత్రిళ్ళు లేచి తలుపు తీసి చూస్తోంది, వాడొచ్చాడేమోనని. నేను ఆ పిల్లని కోర్టు మెట్ల మీద చూడాలి. జైలు గేటు దగ్గర చూడాలి. బయటికొచ్చాక ఎక్కడ పనికి చేరితే అక్కడికెళ్ళి, ఇదిగో మనిషిని చంపిన మహాతల్లి అని చెప్పి రావాలి. నాకింకో పని లేదు.”

“ఆ పిల్ల కాకపోతే?”

“కాకపోతే ఎవరో వాణ్ణి చూపించు. అదే పని వాడికి చేస్తాను. రెట్టింపు చేస్తాను.”

మాట ఇచ్చినట్టే అన్నాడు.

* * *

మేనేజర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. తను కూర్చోలేదు.

“చూశాననే చెప్తానండి, చూడలేదని ఎలా చెప్పను? సోమవారం పొద్దున పదింటికి అటు వెళ్ళాను. అమ్మాయి అప్పటికే గంట నుంచి పనిలో ఉంది. సగం తాగిన టీ బల్ల మీదుంది. వెనక నిలబడ్డాను. తెర మీద పసుపు గీతలు. ‘ఈ రకం డీబగ్గర్ గుర్తింపులో లేదు. ఈ సెట్టింగ్ అనుమతించబడదు.’ అమ్మా, ఇదేదో తప్పుగా ఉంది, సరిచేసుకో అన్నాను. విసుక్కుంది. ఎందుకైనా మంచిదని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.”

“ఇప్పుడు మీరు ప్రోగ్రాములు రాయడం లేదా?”

“ఎక్కడండీ! నాలుగేళ్ళయింది మానేసి. నేను రాసింది చెత్త అని ఓనరుగారు అందరి ముందూ అన్నారు. అమ్మాయి వచ్చి కొత్తగా రాసింది. మంచిదే. నాకు సరుకు లెక్కలు, లారీలు ఇచ్చారు. అదీ మంచిదే.” నవ్వాడు. రెండుసార్లు మంచిదే అన్న మనిషి మొహంలో మంచి ఎక్కడా కనబడలేదు.

“ఆ ఫోటో ఒకసారి ఆ అమ్మాయికి చూపించవచ్చా?”

“ఇన్‌స్పెక్టర్‌గారు చూశారు కదా.”

“ఆయన చూశారు. ఆ అమ్మాయికి ఎవరైనా చూపించారా?”

ఎవరూ చూపించలేదు. తప్పు చేసిందని నిర్ణయించుకున్న మనిషిని ఇంకేం అడుగుతారు?

మేనేజర్, ఇన్‌స్పెక్టర్, హెడ్ కానిస్టేబుల్, నేను కంట్రోల్ గదిలోకి వెళ్ళాం. ఆమె ఫోన్ తీసుకుని చూసింది. నుదురు ముడిపడింది. ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఇది నా తెర కాదు బాబాయ్.”

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. “అయిపోయింది. రేపు తన వేలు కూడా తనది కాదంటుంది.”

“కాదండీ, వినండి. ఈ హెచ్చరిక ఫైలులో తప్పుంటే రావాల్సింది. కానీ చాలాసార్లు అలా కాదు. మేము వాడే డీబగ్గర్, ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది చూశారూ, ఆ ఎడిటర్‌తో పాటు రాదు. దానికో ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు ముక్క, విడిగా వేసుకోవాలి. అది లేని మెషీన్‌లో ఈ ఫైలు తెరిస్తే, ఈ మాటలేంటో ఎడిటర్‌కి తెలియదు. తనకి తెలియంది తప్పు అనేస్తుంది. పసుపు గీత గీస్తుంది. ఫైలు బంగారంలా ఉన్నా సరే.”

“మనుషుల్లాగే అన్నమాట,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“నా మెషీన్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ మొదటి రోజు నుంచీ ఉంది. నాకు ఈ గీతలు కనపడవు.”

“ఆ మెషీన్ సీలు వేసి ఉంది కదండీ,” అన్నాను హెడ్‌తో. “ఉమ్మడి ఫోల్డర్‌కి కూడా సోమవారమే తాళం వేశారు, ఎవరూ ఏమీ మార్చలేదు. అందరి ముందూ ఒకసారి తెరుద్దాం.”

“ఎస్సైగారు లేకుండానా? నా ఉద్యోగం ఊడుతుందండీ.”

“మీ ఉప్పు తిన్నాను. మీకు చెడు చేస్తానా?”

అతను నన్ను చూశాడు, ఆ పిల్లను చూశాడు. బయటికి వెళ్ళి ఎస్సైకి ఫోన్ చేసి వచ్చాడు. “వీడియో తీస్తూ తెరవమన్నారు. తేడా వస్తే నేను చూసుకుంటా అనలేదు, నువ్వే చూసుకో అన్నారు,” అంటూ బ్లేడుతో సీలు కోశాడు.

మెషీన్ లేచింది. ఆమె ఎడిటర్ తెరిచి ఆ ఫైలు నొక్కింది.

తెర మీద పసుపు గీతలు.

“ఇంకేం కావాలి?” అని అరిచాడు ఇన్‌స్పెక్టర్. మేనేజర్ నిట్టూర్చి తల పంకించాడు. ఆ పిల్ల మాత్రం చెయ్యెత్తి, “ఆగండి,” అంది.

హెడ్ గొంతు సవరించుకునేంతసేపు పట్టిందేమో. గీతలు ఒకదాని తర్వాత ఒకటి మాయమయ్యాయి. నల్లటి తెర మీద అక్షరాలు శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా మిగిలాయి.

“ఎక్స్‌టెన్షన్ నిద్ర లేవడానికి కాస్త టైము పడుతుంది,” అంది. “లేచేదాకా ఎడిటర్ ఇలాగే గోల చేస్తుంది. లేచాక నోరు మూసుకుంటుంది. కావాలంటే చూడండి.” ఏదో నొక్కి ఆ ఎక్స్‌టెన్షన్‌ను ఆపేసింది. గీతలు వచ్చాయి. మళ్ళీ వేసింది. పోయాయి. ఫైలులో ఒక్క అక్షరం మారలేదు.

“నేను చూసింది ఆ మొదట్లోనే అయ్యుంటుంది,” అన్నాడు మేనేజర్ వెంటనే. “అది నిద్ర లేవక ముందు.”

“అంతేనంటారా? అమ్మాయి గంట నుంచి పనిలో ఉందన్నారు. సగం టీ తాగిందన్నారు. ఎడిటర్ అప్పుడే తెరిస్తే అవన్నీ ఎలా కుదురుతాయి? పోనీ, అప్పుడే తెరిచిందనుకుందాం. హెడ్‌గారు గొంతు సవరించుకునే లోపల మీరు నిలబడి, రెండు హెచ్చరికలూ చదివి, అమ్మాయితో వాదించి, జేబులోంచి ఫోన్ తీసి ఫోటో కూడా తీశారా? నేనైతే ఆ లోపల కళ్ళజోడు కూడా వెతుక్కోలేను.”

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు. ఆ చూపులో ఇంకా కోపం లేదు. లెక్క తప్పినవాడి చూపు.

“ఇంకొకటి,” అన్నాను. ఫోటోను పెద్దది చేసి అందరికీ కనబడేలా పట్టుకున్నాను. “పసుపు గీతకి రెండు వరసల కింద యంత్రం అడ్రసుంది. దాని కింద గీత లేదు. అడ్రసు ప్రమాదమైనదో కాదో ఎడిటర్‌కి తెలియదు కాబట్టి. ఇది నమూనా యంత్రమా అమ్మా?”

“కాదు బాబాయ్. అసలుది.”

“సోమవారం పదింటికి తీసిన ఫోటోలోనే అడ్రసు మారిపోయి ఉంది. అసలు యంత్రానికి ఈ అడ్రసు మొదట పెట్టింది ఎవరండీ?”

మేనేజర్ పెదాలు తడుపుకున్నాడు. “నేనే. ఆ రోజుల్లో.”

“మీరు పెట్టిన అడ్రసు మీరు గుర్తుపట్టలేదు. అబద్ధపు గీత చూసి ఫోటో తీశారు, మనిషిని చంపే వరస చూసి ఊరుకున్నారు. ఫోల్డర్‌కి దారి ఉన్నవి రెండు మెషీన్లు. ఈ అమ్మాయి మెషీన్ చూశాం. ఇక మీది తెరుద్దాం.”

“నాదెందుకు?” అతని గొంతు లేచింది. “నా మెషీన్‌లో ఆ ఎక్స్‌టెన్షనే లేదు, నేను ఆ ఫైలు తెరిచి ఏం చేసుకుంటాను?”

ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్న హెడ్ మెల్లిగా అన్నాడు: “లేదని మీకెలా తెలుసండీ?”

మేనేజర్ కుర్చీ కోసం చెయ్యి చాచాడు. అది అందలేదు. నేలమీదే కూర్చున్నాడు.

“గదుల యంత్రం ఆగి పళ్ళు పాడవ్వాలనుకున్నాను,” అన్నాడు చివరికి. “పళ్ళే. ఓనరు వచ్చి అందరి ముందూ ఈ పిల్ల రాసింది చెత్త అనాలి. ఆ ఒక్క మాట ఈమె కూడా వినాలి. నాలుగేళ్ళు కాచుకున్నాను. అడ్రసు మార్చేటప్పుడు నా తెర మీద గీతలు కనబడ్డాయి, వాటినే ఫోటో తీశాను. ఈమెకీ కనబడతాయి, పట్టించుకోలేదని చెప్పొచ్చు అనుకున్నాను. మనిషి లోపలికి వెళ్తాడనుకోలేదు. ఒట్టు. అనుకోలేదు.”

ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుపు కాదు. నాలుగు రోజుల తర్వాత ఊపిరి వదలడం.

ఇన్‌స్పెక్టర్ అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత, ఆశ్చర్యంగా, చాలా మెత్తగా మాట్లాడాడు. “మా అమ్మ నువ్వు పంపిన పాలు తాగింది కదరా.”

* * *

హెడ్ గేటు దగ్గరికి వెళ్ళాడు, రావలసిన జీపు కోసం. “నేను వీడి దగ్గర కూర్చుంటాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. సెలవులో ఉన్నా పై అధికారే కదా, హెడ్ కాదనలేకపోయాడు. ఇన్‌స్పెక్టర్ నాతో అన్నాడు, “పెద్దాయనా, పాపని ఇంటికి పంపు. నేనన్నవన్నీ...” అంటూ ఆగిపోయాడు. ఆమె తలాడించింది. అంతకన్నా క్షమాపణ ఆ మనిషికి చేతకాదని ఆమెకు అర్థమైనట్టుంది.

ఆమెను గేటు దాకా దింపాను. వాళ్ళ పిన్ని అక్కడ నిలబడి ఉంది, చేతిలో శాలువా పట్టుకుని. వెనక్కి వస్తూ ఐదో గది వైపు ఎందుకు చూశానో తెలియదు. కొక్కేనికి స్వెట్టరు లేదు. తాళంచెవి లేదు.

తలుపు బారెడు తెరిచి ఉంది. గడపకు ఇవతల మేనేజర్ మోకాళ్ళ మీద ఉన్నాడు. అతని కాలరు ఇన్‌స్పెక్టర్ గుప్పిట్లో ఉంది. స్వెట్టరు ఇన్‌స్పెక్టర్ భుజం మీద ఉంది. లోపలి చీకట్లోంచి తియ్యటి పళ్ళ వాసన వస్తోంది.

“అక్కడే ఆగు పెద్దాయనా.”

ఆగాను. పరుగెత్తి ఆపే వయసు కాదు నాది. అతను ఒక్క తోపు తోసి తలుపు వేసేస్తే చాలు.

“మావాడు ఎంతసేపు కొట్టుకున్నాడో డాక్టరు నాకు చెప్పలేదు. వీడూ అంతసేపు కొట్టుకోవాలి. నేను ఇక్కడ నిలబడి వినాలి.”

పొద్దుటి నుంచీ నాతో ఉన్న మాట ఎవరిదో అప్పుడు తెలిసింది.

“డాక్టరు నాకు చెప్పారండి. మీవాడు కొట్టుకోలేదు. ఆ గాలిలో ఊపిరాడనట్టే తెలియదట. ఒకటి రెండు ఊపిరులు, అంతే. మగతగా వచ్చి ఉంటుందన్నారు. భయపడటానికి కూడా టైము లేదు. బుట్ట పక్కనే, ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు.”

“నొప్పి?”

“లేదు.”

“అమ్మని పిలిచాడా?”

“పిలిచే అవసరం రాలేదండి.”

అతను స్వెట్టరు చేతిని మొహానికి ఒత్తుకున్నాడు. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను. కానీ తల ఎత్తి మేనేజర్‌ను చూసినప్పుడు ఆ కళ్ళు నేను మధ్యాహ్నం చూసిన కళ్ళే. తడిసినా చల్లారలేదు.

“అంత మెత్తటి చావా?” అన్నాడు. “వీడికా?”

గుప్పిట వదిలాడు. మేనేజర్ నేలమీద పడ్డాడు.

“నువ్వు బతకాలిరా. జైల్లో మనుషుల్ని చూడనిచ్చే రోజు ఉంటుంది. ప్రతిసారీ మా అమ్మని తీసుకొస్తాను. ఆవిడ నిన్ను తిట్టదు. శపించదు. ఎదురుగా కూర్చుని ఊరికే చూస్తుంది. నీ జుట్టు తెల్లబడేదాకా వస్తాం. ఆవిడ పోయాక నేనొక్కణ్ణే వస్తాను.”

బయట జీపు ఆగిన చప్పుడయింది. ఇన్‌స్పెక్టర్ స్వెట్టరును మళ్ళీ కొక్కేనికి తగిలించి, అతుకు పైకి కనబడేలా చేతిని సర్దాడు. తర్వాత రెండు చేతులతో ఆ బరువైన తలుపును పట్టుకుని, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా మూశాడు.